కనిపించని పొదుగువాపు: మా కొట్టం డైరీ

జూన్ – ఎస్ఎన్ఎఫ్ ఎందుకు పడింది?

మాది పలమనేరు దగ్గర పల్లె. కొట్టంలో ఎనిమిది సీమావులు పాలిస్తున్నాయి. రెండు వట్టిపోయి చూడితో ఉన్నాయి. పొద్దున, సాయంత్రం పితికేది నేనూ మా అత్తా. క్యాన్లు పాల కేంద్రానికి తీసుకుపోయేది మా ఆయన.

వేసవి మొదలైనప్పటి నుంచి ఎస్ఎన్ఎఫ్, అంటే పాలలో నీళ్లు, వెన్న పోగా మిగిలే గట్టి పదార్థాల శాతం, దిగుతోంది. 8.4 ఉండేది ఇప్పుడు 7.9కి వచ్చింది. వెన్న శాతంలో పెద్ద తేడా లేదు. మేత మార్చలేదు, చెనక్కాయ పిండి తగ్గించలేదు, సూపర్ నేపియర్ గడ్డి కోస్తూనే ఉన్నాం. ఆవు పాలకు ఎస్ఎన్ఎఫ్ కనీసం 8.3 ఉండాలని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. అంతకన్నా పడితే కేంద్రం రేట్ల చార్టులో లీటరు రేటు తగ్గుతుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. "నీళ్లేమైనా కలిపినారా?" అని కేంద్రంలో అడిగిన మాట మా అత్తను చాలా బాధ పెట్టింది. ఆ రోజంతా ఆమె సరిగా మాట్లాడలేదు. ఈ డైరీ మొదలుపెట్టడానికి అసలు కారణం అదే.

పశువైద్యశాలకు వెళ్లి అడిగితే డాక్టరమ్మ మేత గురించి రెండు ప్రశ్నలే వేశారు. తర్వాత, "ఒక్కో చన్ను పాలు విడివిడిగా చూశారా?" అన్నారు. పొదుగు వాచిన ఆవు ఒక్కటీ లేదని చెప్పాను. "వాచింది కనబడుతుంది. వాయనిదే ఎక్కువ నష్టం చేస్తుంది" అని ఆమె విడమరిచి చెప్పారు.

పొదుగులోకి సూక్ష్మజీవి చేరితే పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. ఎస్ఎన్ఎఫ్‌లో అన్నిటికన్నా పెద్ద భాగం లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర. అది తగ్గుతుంది. కేసిన్ అనే మాంసకృత్తి కూడా తగ్గుతుంది. వాటికి బదులు రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి ఊరతాయి. అందుకే ముదిరిన పొదుగువాపులో పాలు కొంచెం ఉప్పగా ఉంటాయి. చుక్క నీళ్లు కలపకపోయినా పాల సాంద్రత చూసే లాక్టోమీటరు తక్కువ చూపడానికి ఇదొక కారణం. ఇంటికొచ్చి అత్తకు మొదట చెప్పింది ఈ సంగతే.

జూన్ చివర – మొదటి పరీక్ష

డాక్టరమ్మ నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పలక, ఊదా రంగు ద్రావణం ఇచ్చి పంపారు. దీన్ని కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) టెస్ట్ అంటారు. 1957లో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కొట్టంలో నిలబడి చేసుకోవడానికి దీనికన్నా సులువైన పరీక్ష లేదు.

చేసే పద్ధతి ఇది. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, ఆ తర్వాతి పాలు ఒక్కో గిన్నెలోకి పితకాలి. పలకను వంచితే గిన్నెకు సుమారు 2 మిల్లీలీటర్ల పాలు మిగులుతాయి. అంతే ద్రావణం పోసి, పలకను గుండ్రంగా పది సెకన్లు తిప్పుతూ చూడాలి. పాలు పలచగానే ఉంటే మంచిది. కొంచెం చిక్కబడి తిప్పుతుంటే పోయేది అనుమానం. సగ్గుబియ్యం జావలాగా ముద్దకట్టి గిన్నె మధ్యకు చేరితే గట్టి పాజిటివ్. ఎక్కువసేపు ఉంచితే ఫలితం మారిపోతుంది కాబట్టి చూసిన వెంటనే రాసుకోవాలి.

ద్రావణంలో ఉన్నది ముఖ్యంగా ఒక డిటర్జెంటు. సూక్ష్మజీవులతో పోరాడటానికి రక్తం నుంచి పొదుగులోకి వచ్చిన తెల్లకణాలను అది పగలగొడుతుంది. వాటిలోని డీఎన్ఏ బయటపడి జిగురుగా మారుతుంది. కణాలు ఎన్ని ఎక్కువుంటే ముద్ద అంత గట్టిగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చన్నులో మిల్లీలీటరు పాలకు లక్షలోపు కణాలుంటాయి. 2 లక్షలు దాటితే లోపల వ్యాధి ఉన్నట్టే లెక్క. ఐరోపా దేశాల్లో పాడి రైతు అమ్మే పాలలో సగటున 4 లక్షలు, అమెరికాలో 7.5 లక్షలు దాటకూడదని చట్టాలున్నాయి. మన దగ్గర ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ చూసి డబ్బు కడతారు. అందుకే కణాల మాట మన చెవిన పడదు.

మా గంగకు ముందు కుడి చన్ను రెండో ఈతలోనే మూసుకుపోయింది. మిగతావన్నీ కలిపి 31 చన్నులు. వాటిలో తొమ్మిది చిక్కబడ్డాయి, అందులో ఐదు గట్టిగా. గంగ ముందు ఎడమ చన్ను, మల్లి వెనక రెండూ అన్నిటికన్నా గట్టిగా ముద్దకట్టాయి. ఈ తొమ్మిదిలో ఒక్కటీ వాయలేదు, వేడిగా లేదు, ముట్టుకుంటే ఆవు తన్నలేదు. పాలు తెల్లగా, చూడటానికి శుభ్రంగా ఉన్నాయి. అత్త గిన్నెలు చూసి, "రోజూ ఇవే పాలు కదా పాపా పోస్తున్నాం" అంది.

ద్రావణం దొరకని వాళ్ల కోసం ఒక మాట. బట్టలుతికే సర్ఫ్ పొడి 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, పాలకు సమానంగా పోసి తిప్పినా ముద్ద తెలుస్తుంది. రెండూ పక్కపక్కన చేసి చూశాను. గట్టి పాజిటివ్‌లు రెండింట్లోనూ దొరికాయి. అనుమానంగా ఉన్నవి సర్ఫ్‌తో అంత తేలిగ్గా తెలియలేదు. ఏమీ చేయకుండా ఉండటం కన్నా సర్ఫ్‌తో చేయడం ఎంతో మేలు. ఈనిన మొదటి వారంలో మాత్రం ఈ పరీక్ష చేయకండి. జున్నుపాలలో కణాలు సహజంగానే ఎక్కువ.

జులై – లోపల ఉన్నది ఏమిటి?

గట్టిగా వచ్చిన చన్నుల పాలు ల్యాబ్‌కు పంపాం. నమూనా తీయడంలోనే సగం పని ఉంది. చన్ను కొనను స్పిరిట్ దూదితో, దూదికి మురికి అంటనంత వరకు తుడవాలి. మొదటి ధారలు వదిలేయాలి. సీసా మూత తీసి, సీసాను పక్కకు వంచి పట్టుకుని, చన్ను దానికి తగలకుండా పితకాలి. ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. ఇందులో ఏది తప్పినా చర్మం మీద ఉన్న క్రిమి, పేడలో ఉన్న క్రిమి రిపోర్టులోకి వస్తుంది, దాన్ని నమ్మి మందు వాడితే దండగ.

గంగ, మల్లి పాలలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి వచ్చింది. ఇంకో రెండు ఆవుల్లో స్ట్రెప్టోకాకస్.

క్రిములు రెండు రకాలని డాక్టరమ్మ చెప్పారు. ఒక రకం రోగమున్న పొదుగులోనే కాపురముండి, పితికే చెయ్యి, తుడిచే గుడ్డ, పితికే మిషన్ కప్పుల ద్వారా ఇంకో ఆవుకు పాకుతుంది. మాకు వచ్చిన స్టెఫైలోకాకస్ ఆ రకం. రెండోది పేడలో, బురదలో, తడి నేల మీద ఉండేది. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి. మొదటి రకాన్ని పితికే పద్ధతి మార్చి ఆపాలి. రెండో రకాన్ని నేల శుభ్రం చేసి ఆపాలి. రెండింటికీ నివారణ వేరు. ఇది తెలియకపోతే ఎంత ఖర్చు పెట్టినా రోగం తిరిగి వస్తుంది.

స్టెఫైలోకాకస్ పొదుగు కణజాలంలో చుట్టూ గోడ కట్టుకుని దాక్కుంటుంది. పాలిస్తున్నప్పుడు మందెక్కించినా అది పూర్తిగా పోవడం కష్టం. అందుకని గంగకూ మల్లికీ ఇప్పుడు మందు ట్యూబులు వద్దని, వట్టిపోయేటప్పుడు చూద్దామని నిర్ణయించారు. స్ట్రెప్టోకాకస్ ఉన్న రెండింటికి మాత్రం చన్నులోకి ట్యూబులు ఎక్కించారు. అవి మందుకు బాగా లొంగుతాయట. తర్వాత నెల పరీక్షలో ఆ చన్నులు పలచగానే వచ్చాయి.

ఆ రోజు నుంచే పితికే వరస మార్చాం. మొదట తొలిచూలు ఆవులు, తర్వాత పరీక్షలో మంచిగా ఉన్నవి, ఆ తర్వాత అనుమానం ఉన్నవి, అన్నిటికన్నా చివర మల్లి, గంగ. పైసా ఖర్చు లేని మార్పు ఇది. ఆవులు కొత్త వరసకు అలవాటు పడేవరకు కొంచెం అరిచాయి, అంతే.

ఆగస్టు – చేతి పని

ఈ నెల గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మా కొట్టంలో అసలు మార్పు వచ్చింది ఇక్కడే.

అత్త ముప్పై ఏళ్లకు పైగా బొటనవేలు మడిచి పితుకుతోంది. మా ఊళ్లో అందరిదీ అదే పద్ధతి. మడిచిన వేలి కణుపు చన్ను మీద ఒకేచోట నొక్కుతుంది. లోపలి పొర రోజూ నలిగి, గట్టిపడి, క్రిమి నిలవడానికి చోటవుతుంది. ఇంకొకటి, చన్ను తడిగా జారుతూ ఉండాలని పితికే మధ్యలో వేళ్లు పాలలో ముంచడం. అలా ముంచితే ఒక చన్ను క్రిమి నాలుగు చన్నులకూ పోతుంది, ఒక ఆవుది ఇంకో ఆవుకు పోతుంది.

"నేను నేర్పించేదాన్ని కాదు అత్తా, మీరు ఒక వారం ఇట్లా పితికి చూడండి. చెయ్యి నొప్పి పెడితే మానేద్దాం" అన్నాను.

పిడికిలి పద్ధతి ఇది. బొటనవేలు, చూపుడు వేలు కలిపి చన్ను మొదట్లో మూసేయాలి, పాలు వెనక్కి పోకుండా. తర్వాత నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఒకదాని వెంట ఒకటి మూయాలి. ఒత్తిడి చన్ను అంతటా సమంగా పడుతుంది. దూడ చీకినప్పుడు కూడా ఇలాగే సమంగా పడుతుంది. లాగడం, జార్చడం ఉండవు. పొట్టి చన్నులున్న రాణికి ఇది సరిగా కుదరడం లేదు. నాలుగు వేళ్లూ పట్టవు. దానికి మూడు వేళ్లతోనే, కానీ బొటనవేలు మడవకుండా పితుకుతున్నాం.

మొదట రెండు మూడు రోజులు అత్త ముంజేయి లాగింది. తర్వాత ఆమే, "కణుపు నొప్పి పోయింది పాపా" అంది. అన్నేళ్ల నుంచి ఆమె బొటనవేలి కణుపు మీద కాయ కాచి ఉంది. చలికాలంలో పగిలేది.

పితికే ముందు వరస కూడా కట్టుదిట్టం చేశాం. మొదట చేతులు సబ్బుతో కడుక్కోవడం. పొదుగంతా నీళ్లు కుమ్మరించి కడగడం మానేశాం. పొదుగు పైనుంచి కారిన మురికి నీళ్లు చన్ను కొన దగ్గరే నిలుస్తాయి, పితికేటప్పుడు అవే క్యాన్‌లోకి దిగుతాయి. పేడ అంటిన చన్నులను మాత్రమే కడిగి, తర్వాత ఆరేవరకు తుడుస్తాం. తుడవడానికి ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డ. పాత నూలు చీర ముక్కలు కోసి, రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరేస్తాం. ఈ గుడ్డల పని మా అత్త తన చేతిలోకి తీసుకుంది. ఒక్క పూట కూడా తప్పలేదు.

తర్వాత ప్రతి చన్ను నుంచి మొదటి ధారలు నల్ల పలక మీద పితికి చూస్తాం. ముక్కలు, పీచులు, నీళ్లలా పలచన, నెత్తుటి చార, ఏదున్నా నలుపు మీద వెంటనే కనిపిస్తుంది. ఆ పాలు నేల మీద పోయకూడదు. పలకలోనే ఉంచి దూరంగా పారబోయాలి.

చేపు, అంటే పొదుగులో పాలు దిగడం, గురించి ఒక మాట. చన్నులు తుడవడం మొదలుపెట్టాక మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగి, పాలు చేపడానికి నిమిషం, నిమిషంన్నర పడుతుంది. అది ఐదారు నిమిషాలకు మించి గట్టిగా పనిచేయదు. కాబట్టి తుడిచి పెట్టి ఇంకో పనికి వెళ్లిపోతే చేపు వృథా. అరుపులు, దెబ్బలు, కొత్త మనుషులు ఉంటే ఆవు భయపడి చేపు ఆపేస్తుంది. మిగిలిపోయిన పాలలోనే క్రిమి పెరుగుతుంది. తుడవడం నుంచి పితకడం అయిపోయే వరకు ఆ ఆవు దగ్గర నుంచి కదలకూడదన్నది ఇప్పుడు మా ఇంటి నియమం. సెల్‌ఫోన్ కొట్టం బయటే.

సెప్టెంబరు – అయోడిన్ డిప్

పితకడం పూర్తయ్యాక చన్ను కొనలోని రంధ్రం వెంటనే మూసుకోదు. అర గంట నుంచి గంట వరకు కొంచెం తెరిచే ఉంటుంది. ఆ సమయంలో ఆవు పేడలో పడుకుంటే క్రిమికి తలుపు తీసి పెట్టినట్టే. దీనికి రెండు పనులు.

ఒకటి, పితికిన వెంటనే ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచడం. 0.5 శాతం అయోడిన్, చర్మం పగలకుండా గ్లిజరిన్ కలిపినది వాడుతున్నాం. పైపైన చల్లితే ఒక పక్కే తడుస్తుంది. చిన్న కప్పులో చన్ను మూడొంతులు మునగాలి. కప్పులో ద్రావణం మురికైతే పారబోసి కొత్తది పోయాలి. మిగిలింది మళ్లీ సీసాలోకి తిరగపోయకూడదు.

రెండోది, పితికాక గాడిలో పచ్చిమేత వేయడం. ఇంతకుముందు ముందే వేసి పితికేవాళ్లం. ఇప్పుడు పితికేటప్పుడు కొంచెం దాణా, పితికాక మేత. ఆవు తింటూ నిలబడే ఉంటుంది, ఈలోగా రంధ్రం మూసుకుంటుంది. ఇది కూడా ఖర్చు లేని పనే.

పితికాక చన్నులు ముంచడం అనే అలవాటు 1960లలో ఇంగ్లండులోని రెడింగ్ దగ్గర పాడి పరిశోధన సంస్థలో నిలదొక్కుకుంది. అక్కడ పెద్ద ఎత్తున మందల మీద పనిచేసి ఐదు సూత్రాలు చెప్పారు. పితికాక చన్నులు ముంచడం, వట్టిపోయేటప్పుడు అన్ని చన్నులకూ మందు, కనిపించిన వ్యాధికి వెంటనే వైద్యం, ఎంతకీ నయం కాని ఆవులను తీసేయడం, మిషన్ సరిగా ఉంచుకోవడం. ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు పాకే రకంలో కొత్త కేసులను డిప్ ఒక్కటే సగం దాకా తగ్గిస్తుంది. పేడ రకం క్రిముల మీద దాని బలం అంత లేదు. అది వచ్చే నెల బాగా తెలిసింది.

అక్టోబరు, నవంబరు – వానలు, నల్లది

మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలే గట్టివి. కొట్టం నేల బండలు పరిచినదే అయినా, మధ్య సందుల్లో పంచితం నిలిచి పేడతో కలిసి బురదవుతుంది. పొట్టు, రంపపు పొడి పరిస్తే మెత్తగా ఉంటుందని ఒకరన్నారు. తడిసిన రంపపు పొడిలో క్లెబ్సియెల్లా పెరుగుతుందని డాక్టరమ్మ వద్దన్నారు. సందులు సిమెంటుతో పూడ్చి, కాలువ వైపు వాలు పెంచి, పడుకునే చోట పొడి ఇసుక వేశాం. తడిసిన ఇసుక తీసి కొత్తది వేయడం రోజూ పనే.

ఆ పని సగంలో ఉండగా నల్లది ఈనింది. ఈనిన మూడో రోజు పొద్దున గాడి దగ్గరకు రాలేదు. జ్వరం 106 డిగ్రీల ఫారన్‌హీట్. వెనక ఎడమ భాగం రాయిలా ఉంది. నల్ల పలక మీద పడ్డది పాలు కాదు, లేత పసుపు రంగు నీళ్లు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చింది. పేడ క్రిమి వల్ల వచ్చే తీవ్రమైన పొదుగువాపు అన్నారు. ఈనిన కొత్తలో ఆవు రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి అప్పుడే ఇది గట్టిగా పట్టుకుంటుంది. క్రిమి చచ్చినప్పుడు విడుదలయ్యే విషం రక్తంలో కలిసి ఆవునే పడగొడుతుంది. ఇందులో గంటలే లెక్క.

నరానికి సెలైన్, జ్వరం, నొప్పి తగ్గించే ఇంజెక్షన్, యాంటిబయాటిక్, కాల్షియం ఇచ్చారు. మాకు చెప్పిన పని ఆ భాగాన్ని రెండు మూడు గంటలకోసారి ఖాళీ చేయడం. రాత్రి కూడా అత్త, నేను వంతులు వేసుకుని పితికాం. రెండో రోజుకు మేత ముట్టింది. ప్రాణం దక్కింది. ఆ చన్ను పాలు సగానికి పడిపోయాయి. ఈ ఈతలో తిరిగి నిండకపోవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

ఆ పాలు ఎక్కడికి పోవాలన్నది అందరూ పట్టించుకోవాల్సిన సంగతి. మందు సీసా మీద పాలు ఎన్ని రోజులు వాడకూడదో రాసి ఉంటుంది. మందు ఒక్క చన్నుకే ఎక్కించినా అన్ని రోజులూ నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే, ఎందుకంటే మందు రక్తం ద్వారా మిగతా చన్నులకూ చేరుతుంది. కాచినా యాంటిబయాటిక్ చాలావరకు పోదు. అలాంటి పాలు కలిస్తే కేంద్రంలో మిగతావాళ్ల పాలు కూడా తోడుకోవు, పెరుగు కట్టదు. తాగిన పిల్లలకు చేటు, మందుకు లొంగని క్రిములు పుట్టడానికి దారి. దూడకు పోయడం కూడా వద్దు. ఇంటి వెనక గుంత తీసి అందులో పారబోశాం. నల్లది మెడకు ఎర్ర తాడు కట్టాం. నేను ఊళ్లో లేకపోయినా దాని పాలు క్యాన్‌లోకి పోకూడదని ఆ గుర్తు.

నవంబరు చివర – కలబంద, పసుపు, సున్నం

మా అత్తకు తెలిసిన వైద్యం ఇది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కూడా రైతులకు ఇదే పద్ధతి చెబుతోంది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి ముద్ద చేయాలి. పాలు పూర్తిగా పిండి పొదుగు కడిగాక, గుప్పెడు ముద్ద నీళ్లలో పలచన చేసి పొదుగంతా రాయాలి. రోజుకు పదిసార్ల దాకా, ఐదు రోజులు. దాంతో పాటు మూడు రోజులు రోజుకు రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి.

రాణికి ముందు భాగం కొంచెం గట్టిపడి, పాలలో చిన్న పీచులు వచ్చాయి. జ్వరం లేదు, మేత తింటోంది. డాక్టరమ్మకు చెప్పి ఇది మొదలుపెట్టాం. గట్టిదనం తగ్గింది, పీచులు పోయాయి. ఇలాంటి తేలికపాటి వాపులో దీన్ని నేను పూర్తిగా నమ్ముతున్నాను. మందు అవశేషాల భయం ఉండదు, ఖర్చు దాదాపు లేదు. నల్లదిలా జ్వరం వచ్చి, మేత మాని, పాలు నీళ్లైన ఆవుకు మాత్రం పసుపు రాస్తూ ఒక పూట కూడా ఆగకూడదు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. అందుకే గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను: మేత మానినా, జ్వరం ఉన్నా, పాలు నీళ్లలా వచ్చినా డాక్టరు.

డిసెంబరు – పాలు నిలిపేయడం

మల్లి ఈనడానికి రెండు నెలలుంది. మా ఊళ్లో ఆవు తనంతట తాను వట్టిపోయే వరకు పితుకుతూనే ఉంటారు. కొందరు ఈనే వారం ముందు వరకు కూడా. పొదుగు కణాలు పాతవి పోయి కొత్తవి రావడానికి 45 నుంచి 60 రోజుల విరామం కావాలి. ఆ విరామం ఇవ్వకపోతే వచ్చే ఈతలో పాలే తగ్గుతాయి.

దాణా వారం ముందు నుంచి తగ్గించాం. చివరి రోజు నాలుగు చన్నులూ పూర్తిగా పిండి, ప్రతి కొననూ స్పిరిట్ దూదితో తుడిచి, డాక్టరమ్మ చేత వట్టిపోయే ఆవుల ట్యూబులు ఎక్కించాం. ఆ మందు వారాల తరబడి లోపల నిలిచి పనిచేస్తుంది. దాక్కున్న స్టెఫైలోకాకస్ మీద గెలవడానికి పాలిచ్చే రోజులకన్నా ఇదే మంచి అవకాశం. తర్వాత అయోడిన్ డిప్. ఆపైన పితకడం పూర్తిగా ఆపేశాం. పొదుగు ఉబ్బింది. అత్త కంగారు పడింది. "కొంచెం పిండితే హాయిగా ఉంటుంది కదా" అంది. పిండితే మళ్లీ పాలు ఊరతాయి, చన్ను రంధ్రాన్ని మూస్తూ కడుతున్న కెరాటిన్ అనే మాంసకృత్తి బిరడా విడిపోతుంది. వారం తిరిగేసరికి పొదుగు మెత్తబడింది.

కొత్తగా క్రిమి చేరే ప్రమాదం పాలు నిలిపిన మొదటి రెండు వారాల్లో, మళ్లీ ఈనే ముందు రెండు వారాల్లో ఎక్కువ. కాబట్టి వట్టి ఆవులను కొట్టం వెనక తడి మూలలో కట్టే అలవాటు తీసేశాం. అన్నిటికన్నా పొడి చోటు ఇప్పుడు వాటిదే. ఖనిజ లవణ మిశ్రమం వట్టి రోజుల్లో కూడా ఆపడం లేదు. జింక్ చన్ను చర్మానికి, కెరాటిన్‌కు కావాలి. సెలీనియం, విటమిన్ ఇ తెల్లకణాలకు బలం.

జనవరి – గంగను ఏం చేయాలి?

నెలనెలా పరీక్షలో గంగ ముందు ఎడమ చన్ను గట్టిగానే ముద్దకడుతోంది. దాని వయసు, ఈతలు చూసి ఇది నయమయ్యే అవకాశం తక్కువని డాక్టరమ్మ చెప్పేశారు. సంతకు తోలితే మంచి ధరే వస్తుంది, చూడటానికి పొదుగు బాగుంది. మా ఆయన, నేను, అత్త ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. చెప్పకుండా అమ్మితే ఇంకో ఇంటి కొట్టంలో ఈ క్రిమి చేరుతుంది. కొనేది బహుశా ఒకటి రెండు ఆవులున్న మనిషే అవుతాడు. చెప్పి అమ్మితే కొనేవాళ్లు లేరు.

అత్త చెప్పిన మాటే చివరికి ఖాయమైంది. "అది మనకు ఐదు దూడలు ఇచ్చింది. మనింట్లోనే ఉండనీ, వెనక రెండు చన్నుల పాలు చాలు." ముందు ఎడమ చన్నును డాక్టరమ్మ సలహాతో శాశ్వతంగా ఆపేశాం. గంగను కొట్టం చివర విడిగా కట్టి, అందరికన్నా చివర పితుకుతున్నాం. లెక్క చూస్తే నష్టమే. అయినా ఇది సరైన నిర్ణయమని నాకు నమ్మకం.

ఫిబ్రవరి – క్యాన్ నుంచి కేంద్రం వరకు

పొదుగులో మంచి పాలు వచ్చినా క్యాన్‌లో చెడిపోవచ్చు. రెండూ వేర్వేరు లెక్కలు. కణాలు పొదుగు సంగతి చెబుతాయి, పాలలోని బ్యాక్టీరియా సంఖ్య శుభ్రత, చల్లదనం సంగతి చెబుతుంది. దీనికి పాత పరీక్ష మిథిలీన్ బ్లూ. పాలలో నీలి రంగు కలిపి 37 డిగ్రీల వెచ్చదనంలో పెడితే, బ్యాక్టీరియా ఎంత ఎక్కువుంటే రంగు అంత త్వరగా పోతుంది. 5 గంటలు దాటి నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోపే పోతే నాసి. కేంద్రంలో అడిగితే మా పాలకు చేసి చూపించారు. పొద్దున పాలు బాగా నిలిచాయి, సాయంత్రం పాలు అంత నిలవలేదు.

కారణం వెతికితే సాయంత్రం క్యాన్ దగ్గరే దొరికింది. పొద్దున కేంద్రం నుంచి వచ్చిన క్యాన్ మధ్యాహ్నం వరకు మూత పెట్టి అలాగే ఉండేది. ఇప్పుడు రాగానే మొదట చల్లనీళ్లతో తొలిచి, తర్వాత వేడినీళ్లు, సబ్బు పొడితో బ్రష్ పెట్టి తోమి, మళ్లీ వేడినీళ్లు పోసి, ఎండలో బోర్లించి ఆరబెడుతున్నాం. మొదటే వేడినీళ్లు పోస్తే పాల మాంసకృత్తి గోడలకు అంటుకుపోతుంది. మూతలోని రబ్బరు రింగు తీసి విడిగా కడగాలి, వాసన అంతా దాని కిందే. పితికిన పాలు త్వరగా కేంద్రంలో పాలు చల్లబరిచే బల్క్ కూలర్‌కు చేరి 4 డిగ్రీలకు దిగాలి. ఆలస్యమైన ప్రతి గంటా లెక్కే, మా ఎండల్లో మరీనూ. అందుకే సాయంత్రం పితకడం కేంద్రం తెరిచే వేళకు సరిపోయేలా మార్చుకున్నాం.

ఏప్రిల్ – ఇప్పటి పరిస్థితి

మల్లి ఫిబ్రవరి చివర ఈనింది. పెయ్య దూడ. నాలుగు చన్నులూ పరీక్షలో పలచగా వచ్చాయి, వెనక కుడి చన్ను మాత్రం ఈ నెల కొంచెం అనుమానంగా ఉంది. మళ్లీ నమూనా పంపాం. మందలో ఇప్పుడు చిక్కబడుతున్నవి మూడు చన్నులు, గట్టి ముద్ద ఒక్కటీ లేదు. ఎస్ఎన్ఎఫ్ రెండు నెలలుగా 8.4, 8.5 మధ్య ఉంది. ఎండలు ముదిరినా దిగలేదు. కేంద్రం ఇచ్చే స్లిప్పులన్నీ అత్త ఒక డబ్బాలో దాచిపెడుతోంది.

మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు పరీక్ష పలక అడిగి తీసుకెళ్లారు. ఒకరింట్లో గట్టి పాజిటివ్‌లు మా మొదటి లెక్కకన్నా ఎక్కువ వచ్చాయి. వాళ్లతో కూర్చుని ముందు పితికే వరస, గుడ్డలు, డిప్ మొదలుపెట్టించాం. ట్యూబుల మాట తర్వాత. ద్రావణం నాలుగిళ్లకు కలిపి తెప్పిస్తే చవకగా పడుతుంది.

మా ఆయన పితికే మిషన్ కొందామంటున్నాడు. అత్త చేతులకు విశ్రాంతి కావాలి, కాబట్టి నాకూ ఇష్టమే. కానీ కొనే ముందు అడగాల్సినవి రాసుకున్నాను. పాలు లాగే పీల్పును కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉందా, ఆ పీల్పు ఎంతకు అమర్చి ఇస్తారు? పీల్పును ఆపి ఆపి ఇచ్చే పల్సేటర్ నిమిషానికి సుమారు 60సార్లు కొడుతోందో లేదో ఏడాదికోసారి ఎవరు వచ్చి చూస్తారు? కప్పుల లోపల చన్నుకు తగిలే రబ్బరు లైనర్లు పలమనేరులో దొరుకుతాయా? రబ్బరు లైనర్‌ను దాదాపు 2,500 పితుకుళ్లకు మార్చాలి, లేకపోతే పగుళ్లలో క్రిమి చేరి మిషనే ఆవు నుంచి ఆవుకు రోగం మోస్తుంది. పాలు అయిపోయాక కప్పులు అలాగే వదిలేస్తే చన్ను కొనలు పుండు పడతాయి, అప్పుడు బొటనవేలు మడిచినంత నష్టమూ మళ్లీ వస్తుంది. వీటికి సరైన జవాబులు వచ్చేదాకా పిడికిలితోనే పితుకుతాం.

వచ్చే నెల పనులు: మల్లి రిపోర్టు, తొలిచూలు పెయ్య ఈనే ముందు దాన్ని పొడి చోటుకు మార్చడం, జూన్ వానల లోపు కొట్టం తూర్పు పక్క కాలువ తవ్వించడం.